జబ్బు లేనివారికి మందెందుకు? హెచ్ఐవీ నివారణ మాత్ర చరిత్ర

"జబ్బు ఉన్నవారికి మందు కావాలి గాని, లేనివారికి ఎందుకు?" మన ప్రాంతంలో వైద్య వృత్తిలో ఉన్నవారందరికీ ఈ ప్రశ్న చిరపరిచితమే. బోదకాలు మాత్రలు ఇంటింటికీ పంచిన రోజులలో ఇది వినిపించినది. గర్భిణులకు ఐరన్ మాత్రలు ఇచ్చినప్పుడు వినిపించినది. హెచ్ఐవీ సోకకుండా ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్ర ఒకటి ఉన్నదని, దానిని గే, బైసెక్సువల్ పురుషులలో చాలామంది కోరుతున్నారని చెప్పినప్పుడు ఇప్పుడు మరింత గట్టిగా వినిపిస్తున్నది.

నూజివీడు మామిడి రైతుకు ఈ ప్రశ్నకు సమాధానం తెలుసు. తేనెమంచు పురుగు పూతను పూర్తిగా కమ్ముకున్న తరువాత మందు కొడితే కాపు నిలుస్తుందని ఏ రైతూ నమ్మడు. పూమొగ్గ దశలోనే తోటంతా తిరిగి చూసి, ప్రమాదం ఉన్నదనుకుంటే మందు కొడతాడు. ఒక్కసారి కొట్టి ఊరుకోడు. ఎండను, మంచును చూసుకొని అవసరమైతే మళ్ళీ కొడతాడు. ముందుగా మందు కొట్టినందుకు ఆ తోట చెడ్డదని ఎవరూ అనరు. మనుషుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ముందుజాగ్రత్తను అనుమానంగా చూస్తాము. ఆ అనుమానానికి ఎంత మూల్యం చెల్లించామో, ఈ మాత్ర మన దాకా ఎలా వచ్చినదో ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తాను.

ఆరోగ్యవంతులకు మందు: పాత సంప్రదాయమే

వ్యాధి రాకముందే మందు వాడడం వైద్యశాస్త్రానికి కొత్త కాదు. మలేరియా దోమ కాటు వల్ల వస్తుందన్న ఆధారం రొనాల్డ్ రాస్‌కు సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న లభించినది. అంతకు చాలాకాలం ముందు నుంచే ఉష్ణమండల దేశాలలోని బ్రిటిష్ సైనికులకు ముందుజాగ్రత్తగా క్వినైన్ ఇచ్చేవారు.

మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో డైఇథైల్ కార్బమజైన్ రూపొందినది. బోదకాలు నిర్మూలన కోసం మన దేశంలో 2004 నుంచి ఏడాదికొకసారి పంచిన మాత్ర అదే. కాలు వాచినవారికి మాత్రమే కాక, పైకి ఏ లక్షణమూ లేని లక్షలాది మందికి దానిని ఇచ్చారు.

హెచ్ఐవీ విషయంలోనే మరొక ఉదాహరణ చూడండి. వైరస్ సోకిన గర్భిణికి, పుట్టిన బిడ్డకు జిడోవుడిన్ అనే మందు ఇస్తే బిడ్డకు సంక్రమించే అవకాశం మూడింట రెండు వంతులు తగ్గుతుందని 1994లో తేలినది. ఆ తరువాత మన ప్రభుత్వ ప్రసూతి వార్డులలో కూడా ఇటువంటి మందులు వచ్చాయి. ఇంకా వ్యాధి సోకని పసికందుకు మందు ఇస్తున్నామని ఆనాడు ఎవరూ ఆక్షేపించలేదు. బిడ్డ నిర్దోషి అని అందరమూ ఒప్పుకున్నాము. పెద్దల దగ్గరకు వచ్చేసరికి దోషమెవరిదన్న విచారణ మొదలైనది. హెచ్ఐవీ చరిత్రలో అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

పులిరాజా కాలంలో ఒక మౌనం

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఒక చిన్న నివేదికను ప్రచురించాయి. లాస్ ఏంజెలెస్ నగరంలో ఐదుగురు యువకులకు అరుదైన ఊపిరితిత్తుల వ్యాధి సోకినదని, వారందరూ స్వలింగ సంపర్కులని అందులో ఉన్నది. ఎయిడ్స్ గురించి వైద్య సాహిత్యంలో అదే మొదటి ప్రస్తావన. మన దేశంలో 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె శిష్యురాలు సెల్లప్పన్ నిర్మల చేసిన పరీక్షలలో హెచ్ఐవీ బయటపడినది. అక్కడ పరీక్షించినది సెక్స్ వర్కర్లయిన స్త్రీలను. ఆ విధంగా అమెరికాలో ఇది పురుషుల మధ్య వ్యాధిగా, మన దేశంలో స్త్రీల నుంచి పురుషులకు వచ్చే వ్యాధిగా ప్రజల మనస్సులో స్థిరపడినది. ఈ రెండు అభిప్రాయాలూ అసంపూర్ణాలే.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడినది. అధిక సంక్రమణ గల ఆరు రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటిగా నిలిచినది. 2000 దశకం తొలినాళ్ళలో మన ఊళ్ళ గోడల మీద "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అన్న ప్రశ్న వెలసిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ప్రచారం ఎయిడ్స్ అనే మాటను ఇంటింటికీ చేర్చినది. అది తక్కువ మేలు కాదు. అయితే పులిరాజా అంటే స్త్రీల వెంట తిరిగే మగవాడని చూసినవారందరూ అర్థం చేసుకున్నారు. పులిరాజా సంబంధం మరొక పురుషుడితో అయితే ఏమిటన్న ప్రశ్న గోడ మీదికి రాలేదు. స్త్రీల వద్దకు వెళ్ళకపోతే చాలు, ఎయిడ్స్ రాదనే అపోహకు ఆ మౌనం తోడ్పడినది.

శరీరధర్మం ప్రకారం వాస్తవం దీనికి పూర్తిగా భిన్నమైనది. మలద్వారపు లోపలి పొర పలుచగా ఉండి, సులభంగా గాయపడుతుంది. వైరస్ ఉన్నవారితో రక్షణ లేకుండా ఒకసారి జరిగే యోని సంభోగంలో స్త్రీకి హెచ్ఐవీ సోకే అవకాశం 10,000కు సుమారు 8 అని అంచనా. మలద్వార సంభోగంలో స్వీకరించే వ్యక్తికి ఆ అవకాశం 10,000కు సుమారు 138. ఇది శరీర నిర్మాణానికి సంబంధించిన లెక్క. అందులో నీతి ప్రసక్తి లేదు.

హైదరాబాదు పరిశోధకులు చూపిన నిజం

ఈ మౌనాన్ని మొదట గట్టిగా ఛేదించినది మన రాష్ట్రంలోనే జరిగిన ఒక అధ్యయనం. హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియాకు చెందిన లలిత్ దండోనా, రాఖీ దండోనా బృందం ఆంధ్రప్రదేశ్‌లో పురుషులతో లైంగిక సంబంధం గల 6,661 మందితో మాట్లాడి, 2005లో ఫలితాలను ప్రచురించినది. ఇటువంటివారు మహానగరాలలోనే ఉంటారన్న అభిప్రాయానికి ఆ సంఖ్యే జవాబు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. వారిలో పదిమందికి సుమారు నలుగురు స్త్రీలను వివాహమాడినవారే.

దీని అర్థాన్ని మీరు ఒక్క క్షణం ఆలోచించండి. పెద్దలు కుదిర్చిన పెళ్ళికి తల ఒగ్గి, తన స్వభావాన్ని దాచుకొని కాపురం చేస్తున్న మనిషి తన ప్రమాదం గురించి ఎవరితోనూ చెప్పలేడు. ఆయన భార్యకు తన ప్రమాదం గురించి తెలియనే తెలియదు. ఆ పురుషుడికి రక్షణ దొరికితే ఆ ఇంట్లోని ఇల్లాలికీ, పుట్టబోయే బిడ్డకూ దొరికినట్లే. గే పురుషుల ఆరోగ్యం తమకు సంబంధించిన విషయం కాదనుకొనే పాఠకులు ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకోవాలని మనవి.

మౌనానికి చట్టం కూడా కాపలా కాసినది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఇటువంటి సంబంధాన్ని నేరంగా పరిగణించినది. 2001లో లక్నోలో ఎయిడ్స్ నివారణ కార్యకర్తలనే పోలీసులు అరెస్టు చేశారు. అదే సంవత్సరం నాజ్ ఫౌండేషన్ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించినది. భయం వల్ల మనుషులు దాగిపోతే నివారణ సాధ్యం కాదన్నది వారి వాదనలలో ముఖ్యమైనది. 2009 జూలై 2న హైకోర్టు వారికి అనుకూలంగా తీర్పు ఇచ్చినది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసినది. చివరకు 2018 సెప్టెంబరు 6న, నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో, వయోజనుల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని అదే సుప్రీంకోర్టు ప్రకటించినది.

వైద్యరంగం కూడా ఇందుకు అతీతం కాదు. మా తరం వారు వైద్య కళాశాలలలో చదివిన రోజులలో స్వలింగ సంపర్కం న్యాయవైద్యశాస్త్రంలో అసహజ నేరాల అధ్యాయంలో కనిపించేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వ్యాధుల జాబితా నుంచి 1990లోనే తొలగించినది. దానిని "మార్చే" చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసినది. నేరంగా, రోగంగా చదువుకున్న విషయాన్ని మానవ స్వభావంలోని ఒక భేదంగా చూడడానికి వైద్యలోకానికి ఇంతకాలం పట్టినది.

మాత్ర ఎలా పుట్టినది?

ఇక మందు సంగతి. చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లో రసాయన శాస్త్రవేత్త అంటోనీన్ హోలీ, బెల్జియంలోని లూవెన్‌లో వైద్యుడు ఎరిక్ డి క్లెర్క్ కలిసి 1980 దశకంలో చేసిన పరిశోధనల నుంచి టెనోఫోవిర్ పుట్టినది. వైరస్ మన కణంలో ప్రవేశించి తన నకలు తయారు చేసుకోవడానికి వాడే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. ఈ మందు ముందుగా ఇచ్చిన కోతులకు ఆ జాతి వైరస్ సోకలేదని 1995లో ప్రచురితమైనది. ముందుగా మందు ఉంటే ప్రవేశించిన వైరస్ వేరూనలేదన్న సూత్రం అక్కడ రుజువైనది. 2001లో ఇది హెచ్ఐవీ రోగుల చికిత్సకు అమెరికాలో అనుమతి పొందినది.

మనుషులలో నివారణకు నిర్ణాయకమైన పరీక్ష పేరు ఐప్రెక్స్. డాక్టర్ రాబర్ట్ గ్రాంట్ నాయకత్వంలో ఆరు దేశాలలో, పురుషులతో లైంగిక సంబంధం గల 2,499 మందితో జరిగినది. పాల్గొన్నవారిలో ట్రాన్స్‌జెండర్ స్త్రీలు కూడా ఉన్నారు. సగం మందికి టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్రను, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్రను ఇచ్చారు. 2010లో వెలువడిన ఫలితం ప్రకారం అసలు మాత్ర ఇచ్చిన వర్గంలో కొత్త సంక్రమణలు 44 శాతం తగ్గాయి. ఇది తక్కువ కదా అని మీరు అనవచ్చు. రక్తంలో మందు ఆనవాళ్ళు కనిపించినవారిని మాత్రమే లెక్కిస్తే ఆ తగ్గుదల 90 శాతానికి పైగా ఉన్నది. మాత్ర వేసుకున్నవారికి పనిచేసినది. సీసాలో ఉంచుకున్నవారికి పనిచేయలేదు.

2012 జూలై 16న అమెరికా దీనిని నివారణకు అనుమతించినది. ఇంగ్లండులోని ప్రౌడ్, ఫ్రాన్సు, కెనడాలలో జరిగిన ఇపర్గే పరీక్షలు 2015లో 86 శాతం చొప్పున రక్షణ చూపాయి. అదే సంవత్సరం, గణనీయమైన ప్రమాదం ఉన్నవారందరికీ ఈ మాత్ర ఇవ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 2016లో వేలాది గే పురుషులకు వేగంగా దీనిని అందించగా, ఒక్క ఏడాదిలోనే ఆ వర్గంలో కొత్త సంక్రమణల నమోదు నాలుగింట ఒక వంతు తగ్గినది. ఆంగ్లంలో దీనికి ప్రీ ఎక్స్‌పోజర్ ప్రొఫిలాక్సిస్ అని పేరు. సంక్షిప్తంగా ప్రెప్ అంటారు.

విచ్చలవిడితనానికి లైసెన్సు ఇస్తున్నారన్న విమర్శ అమెరికాలో కూడా వచ్చినది. కుటుంబ నియంత్రణ మాత్ర వచ్చినప్పుడు స్త్రీల మీద వేసిన నిందనే మళ్ళీ ఇక్కడ వేశారు.

మన దేశంలో ఆసక్తి, సంకోచం

మన దేశంలో ఈ మాత్రను మొదట పెద్ద ఎత్తున పరీక్షించినది కలకత్తా సోనాగాచీలో దుర్బార్, మైసూరులో ఆశోదయ అనే సెక్స్ వర్కర్ల సంస్థల ద్వారా. వెయ్యిమందికి పైగా స్త్రీలు క్రమం తప్పకుండా మాత్ర వేసుకున్నారు. కొత్త సంక్రమణ ఒక్కటీ నమోదు కాలేదు. క్రమశిక్షణతో మందు వాడడం పేదలకు, చదువు లేనివారికి సాధ్యం కాదన్న వాదనకు అక్కడితో బలం పోయినది.

గే, బైసెక్సువల్ పురుషుల సంగతి డాక్టర్ వెంకటేశన్ చక్రపాణి బృందం చెన్నై, ముంబై నగరాలలో పరిశీలించినది. చాలామంది ఈ మాత్ర పేరే వినలేదు. వివరించి చెప్పిన తరువాత ఆసక్తి చూపినవారు ఎందరో. అయితే వారి సందేహాలను గమనించండి. ధర ఎంత, దుష్ఫలితాలు ఏమిటి అన్నవి సహజమైన ప్రశ్నలు. వాటితోపాటు మరో భయం కూడా ఉన్నది: ఇంట్లో ఎవరైనా సీసా చూస్తే నాకు ఎయిడ్స్ ఉన్నదనుకుంటారేమో, లేదా నా స్వభావం బయటపడుతుందేమో.

ఈ భయం అర్థం లేనిది కాదు. నివారణకు వాడే టెనోఫోవిర్ రోగుల చికిత్సలో కూడా వాడేదే. నగరంలో ఒక వీధిలో ఉంటూ మరొక వీధిలో మందు కొనుక్కోవచ్చు. నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు వంటి ఊళ్ళలో మందుల షాపు యజమాని మన బంధువైనా కావచ్చు, బావమరిది స్నేహితుడైనా కావచ్చు. చీటీ చేతికివ్వగానే ఏమిటి, ఎవరికి అన్న ఆరా మొదలవుతుంది. మామిడి సీజనులో వేకువనే మార్కెట్టుకు కాయ తోలుకుపోయే యువకుడు ఎవరికీ చెప్పకుండా మూడు నెలలకొకసారి నగరానికి వెళ్ళి పరీక్ష చేయించుకొని రావడం మాటలు కాదు. ఆసక్తి లేక కాదు, అడిగే చోటు లేక ఆగిపోతున్నవారు ఇటువంటివారే.

అవసరం ఎంతటిదో అంకెలు చెబుతాయి. 2021 జాతీయ అంచనాల ప్రకారం వయోజనులలో హెచ్ఐవీ దేశ సగటు 0.21 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం. రాష్ట్రంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారు సుమారు 3 లక్షల 20 వేల మంది. 2017 నిఘా సర్వేలో పురుషులతో లైంగిక సంబంధం గల పురుషులలో దేశవ్యాప్తంగా ఇది సుమారు 2.7 శాతం, అంటే సాధారణ జనాభాకన్నా పది రెట్లకు పైగా.

మందు మన దగ్గరే తయారవుతున్నది

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం ఇది. హైదరాబాదు కేంద్రంగా గల హెటెరో, అరబిందో సంస్థలు ప్రపంచంలోని పేద దేశాలకు హెచ్ఐవీ మందులను సరఫరా చేసే ప్రధాన ఉత్పత్తిదారులలో ఉన్నాయి. ఇప్పుడు ఆరు నెలలకొకసారి చర్మం కింద ఇచ్చే లెనకాపవిర్ అనే సూది మందు వచ్చినది. 2024లో వెలువడిన ఒక పరీక్షలో ఈ సూది తీసుకున్న రెండు వేలకు పైగా ఆఫ్రికా యువతులలో ఒక్కరికీ హెచ్ఐవీ సోకలేదు. గే, బైసెక్సువల్ పురుషులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులతో జరిగిన మరొక పరీక్షలో 96 శాతం రక్షణ కనిపించినది. 2025 జూన్‌లో అమెరికా దీనిని నివారణకు అనుమతించినది. జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. దీనిని తయారు చేసే అనుమతి పొందిన ఆరు సంస్థలలో హెటెరో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. 2027 నుంచి మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకు అల్పాదాయ, మధ్యాదాయ దేశాలకు అందించే ఒప్పందాలు 2025 సెప్టెంబరులో కుదిరాయి.

సీసా ఎవరి కంటా పడుతుందన్న భయం ఉన్నవారికి ఏడాదికి రెండు సూదులు ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. అయితే మందు ఉన్నంత మాత్రాన సరిపోదు. 2021లో హైదరాబాదులోని నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల కోసం మిత్ర్ క్లినిక్ ప్రారంభమైనది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయగానే అది మూతపడి, తరువాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరిట మళ్ళీ తెరుచుకున్నది. పరదేశపు నిధుల మీద నిలిచిన సేవ ఒక్క ఉత్తర్వుతో ఎలా ఆగిపోగలదో దీనివల్ల తెలిసినది. 2004 ఏప్రిల్ 1 నుంచి చికిత్స మందులను మన ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది. ఎందరి ప్రాణాలనో నిలిపిన నిర్ణయమది. నివారణ మందు మాత్రం ఆ విధంగా అందరికీ ఇంకా చేరలేదు. దానిని కూడా ఏరియా ఆసుపత్రి స్థాయికి తీసుకురావాలన్నది నా అభిప్రాయం.

తెలుసుకోవలసిన జాగ్రత్తలు

ఈ మాత్రను సొంతంగా కొనుక్కొని వాడరాదు. మొదట హెచ్ఐవీ పరీక్ష చేయించుకోవాలి. అప్పటికే వైరస్ ఉన్నవారు ఈ రెండు మందులతోనే సరిపెడితే వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి క్రియాటినిన్, కామెర్లకు సంబంధించిన హెపటైటిస్ బి పరీక్షలు కూడా అవసరం. ఆపై మూడు నెలలకొకసారి హెచ్ఐవీ పరీక్ష తప్పనిసరి. మొదటి వారాలలో కొందరికి వికారం, తలనొప్పి కలిగి తగ్గిపోతాయి.

సాధారణ పద్ధతి రోజుకొక మాత్ర. పురుషులతో సంబంధం గల పురుషులకు మరొక పద్ధతిని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అంగీకరించినది: కలయికకు 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు, మొదటి మోతాదుకు 24 గంటల తరువాత ఒకటి, 48 గంటల తరువాత మరొకటి. ఇది స్త్రీలకు, హెపటైటిస్ బి ఉన్నవారికి పనికిరాదు. సిఫిలిస్, గనేరియా వంటి సుఖవ్యాధులను ఈ మందు ఆపదు కనుక కండోమ్ అవసరం పోలేదు. ప్రమాదం ఇప్పటికే జరిగి ఉంటే 72 గంటలలోగా, ఎంత త్వరగా అయితే అంత మంచిది, ఆసుపత్రికి వెళ్ళి 28 రోజుల అత్యవసర మందుల గురించి అడగండి.

ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐసీటీసీ కేంద్రాలలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం. జాతీయ హెల్ప్‌లైన్ 1097కు ఫోను చేయడం కూడా ఉచితమే. 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు. ఫలితాన్ని ఇతరులకు వెల్లడించరాదు.

నా వృత్తిలోని యువ వైద్యులకు, మందుల షాపుల యజమానులకు ఒక విన్నపం. ఈ మాత్ర గురించి ఎవరైనా మీ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగితే, ఆ మనిషి తనను, తన ఇంటివారిని కాపాడుకోవడానికి ఎంతో ధైర్యం కూడగట్టుకొని వచ్చాడని గుర్తించండి. అతనిని కూర్చోబెట్టండి. పక్కవారికి వినిపించకుండా మాట్లాడండి. ఏయే పరీక్షలు అవసరమో, అవి ఎక్కడ చేస్తారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అంతవరకు చేసినా అతను రెండవసారి రావడానికి జంకడు.